గాలంతా అద్దం మీదికే: పాత ఎఫ్-150లో వాక్యూమ్ లీకు పట్టుకున్న కేసు

బండి 2000 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు. 4.6 లీటర్ల ట్రైటన్ వి8 పెట్రోలు ఇంజిన్, నాబ్ తిప్పి మోడ్ మార్చుకునే మాన్యువల్ ఏసీ. బండి ఉండేది అమెరికాలో, డెన్వర్ పక్కన అరోరాలో. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది మా అన్నయ్య కొడుకు. నేనుండేది విజయవాడ ఆటోనగర్‌లో, నా పని కార్ల ఏసీలు. కాబట్టి ఈ కేసు మొత్తం వాట్సాప్ వీడియో కాల్ మీదే నడిచింది. పొద్దున్న నేనిక్కడ షెడ్డు తెరిచే వేళకి అక్కడ రాత్రి, వాడు అన్నం తిని గరాజ్‌లో లైటు వేసుకుని కూచునేవాడు.

బండి మన చేతికి అందనప్పుడు ఒక లాభం ఉంది. "ఇది మార్చి చూద్దాం, పోకపోతే అది మార్చి చూద్దాం" అనే దారి మూసుకుపోతుంది. ప్రతి టెస్టూ చేసే ముందే, గేజీ ముల్లు ఇటు వస్తే ఏమిటి, అటు వస్తే ఏమిటి అని తేల్చుకోవాలి. వాక్యూమ్ (ఇంజిన్ గాలి పీల్చే బలం) పనికి అసలు కావాల్సింది అదే కాబట్టి వరసగా రాస్తున్నాను.

కంప్లయింట్ ఇది. నాబ్ ఎక్కడ పెట్టినా గాలి ముందు అద్దం మీదికే వస్తోంది. ముఖానికి పెట్టినా అంతే, కాళ్ళకి పెట్టినా అంతే. అప్పుడు అక్కడ జనవరి. "బాబాయ్, అద్దం కాలిపోతోంది, నా కాళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయి" అన్నాడు. అప్పటికే అక్కడ ఒక షాపువాళ్ళు చూసి కంట్రోల్ ప్యానెల్ మార్చాలి, యాక్చువేటర్ (వేడి కలిపే తలుపుని తిప్పే కరెంటు మోటారు) మార్చాలి, డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి అని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: "వేడికీ చల్లదనానికీ ఉన్న నాబ్ తిప్పితే గాలి వేడి మారుతోందా?" మారుతోంది. బ్లోయర్ అన్ని స్పీడులూ తిరుగుతోందా? తిరుగుతోంది. "అయితే యాక్చువేటర్ జోలికి పోకు" అన్నాను. ఈ బండిలో వేడి కలిపే తలుపుకి కరెంటు మోటారు ఉంటుంది, గాలి దిక్కు మార్చే తలుపులకి వాక్యూమ్. రెండూ రెండు వేరే సంసారాలు. మొదటిది బాగానే ఉందని వాడే చెప్తున్నాడు కదా, మరి దాన్నెందుకు మార్చడం?

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. "ఇలా ఎప్పుడూ ఉండేదా, మధ్యలో వచ్చిందా? మధ్యలో వస్తే ఎలా మొదలైంది?" కాస్త ఆలోచించి చెప్పాడు. కొన్న కొత్తలో కొండ ఎక్కేటప్పుడు, హైవే మీద గట్టిగా ఓవర్‌టేక్ చేసేటప్పుడు గాలి కాసేపు అద్దం మీదికి పోయి, యాక్సిలరేటర్ వదలగానే మళ్ళీ ముఖం మీదికి వచ్చేదట. పాత బండి కదా, ఇంతే అనుకున్నాడట. ఈ చలికాలంలో ఒకరోజు అద్దం మీదికి పోయి ఇక తిరిగి రాలేదు. సగం రోగం ఇక్కడే తెలిసిపోయింది. ఒక లోపం కాదు, రెండున్నాయి: ఎప్పట్నుంచో ఉన్నది ఒకటి, కొత్తగా వచ్చి దాని మీద పడ్డది ఇంకొకటి. రెండోది సరిచేసి ఆగిపోతే మొదటిది అలాగే ఉండిపోతుంది. చాలా రిపేర్లు తిరిగి షెడ్డుకొచ్చేది ఇందుకే.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో తెలియకపోతే కింద చెప్పే టెస్టులు అర్థం కావు, అందుకని కొంచెం. గాలిని ముఖానికి, కాళ్ళకి, అద్దానికి పంపే తలుపులు, బయటి గాలా లోపలి గాలా అని తేల్చే తలుపు, వీటన్నిటికీ ఒక్కో చిన్న డబ్బా ఉంటుంది. దాన్ని వాక్యూమ్ మోటార్ అంటారు గానీ అందులో మోటారేమీ లేదు, రబ్బరు డయాఫ్రం, ఒక స్ప్రింగు, ఒక కడ్డీ. వాక్యూమ్ వస్తే డయాఫ్రం లోపలికి లాక్కుని తలుపుని జరుపుతుంది, వాక్యూమ్ పోతే స్ప్రింగు తలుపుని మొదటి చోటికి నెట్టేస్తుంది. అన్ని స్ప్రింగులూ నెట్టేశాక మిగిలే దారి అద్దం మీదికి. కావాలనే అలా కట్టారు. సిస్టం మొత్తం చచ్చినా డ్రైవరుకి రోడ్డు కనపడాలి, మంచు కురిసే ఊళ్ళో అద్దం మసకబారితే అంతే సంగతులు. మన దగ్గర ఇదే లోపం వస్తే తమాషా వేరేగా ఉంటుంది. ఆగస్టు ఉక్కపోతలో చల్లటి ఏసీ గాలి అద్దానికి తగులుతూ ఉంటే బయటి వైపు చెమ్మ పట్టి, వాన లేకుండానే వైపర్ వెయ్యాల్సి వస్తుంది.

ఆ వాక్యూమ్ ఎక్కడిది? పెట్రోలు ఇంజిన్ పీల్చేటప్పుడు థ్రాటిల్ (గాలి దారికి అడ్డంగా ఉండే తలుపు) మూసి ఉంటే ఇంటేక్ మానిఫోల్డ్‌లో (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల్లో) పుడుతుంది. ఐడిలింగ్‌లో బాగా ఉంటుంది, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే దాదాపు సున్నాకి పడిపోతుంది. (డీజిల్‌కి ఈ థ్రాటిల్ గొడవ లేదు కాబట్టి పనికొచ్చే వాక్యూమ్ రాదు. మన సుమోల్లో, బొలేరోల్లో ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు పెట్టింది బ్రేక్ బూస్టర్ కోసం.) యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా తలుపులు జారిపోకుండా దారిలో ఒక ప్లాస్టిక్ రిజర్వాయరు, దానికి ముందు ఒక చెక్ వాల్వు ఉంటాయి. మేడ మీద ట్యాంకు, మోటారుకి ఫుట్ వాల్వు ఉన్నట్టే: కరెంటు పోయినా ట్యాంకులో ఉన్నంతసేపు నీళ్ళు వస్తాయి, ఫుట్ వాల్వు పోతే ఎక్కించిన నీళ్ళు వెనక్కి పోతాయి. కొండ ఎక్కేటప్పుడు గాలి అద్దం మీదికి పోయేదని వాడు చెప్పగానే నా అనుమానం చెక్ వాల్వు మీదికే పోయింది. కానీ అనుమానం వేరు, టెస్టు వేరు.

వాడి దగ్గర పనిముట్లేమీ లేవు. అక్కడ స్పేర్ పార్టుల షాపుల్లో డిపాజిట్ కడితే కొన్ని టూల్స్ అరువిస్తారు, గేజీ ఉన్న హ్యాండ్ వాక్యూమ్ పంపు అలా తెచ్చుకున్నాడు. ఈ పనికి అది తప్ప వేరే ఖరీదైన టూల్ అక్కర్లేదు. బండి కంప్యూటర్ లెక్కలు చదివే ఒక చిన్న ఓబీడీ స్కానర్ మాత్రం ముందే కొనుక్కుని ఉంచుకున్నాడు, అదీ పనికొచ్చింది.

ముందు ఇంజిన్ దగ్గర కొలిచాం. ఇంజిన్ వేడెక్కాక, ఐడిలింగ్‌లో, మానిఫోల్డ్ మీదున్న ఖాళీ పోర్టుకి గేజీ తగిలిస్తే ముల్లు 15 అంగుళాల (పాదరసం లెక్క) దగ్గర కదలకుండా నిలబడింది. వాడికి టెన్షన్ మొదలైంది. "బాబాయ్, ఎక్కడ చూసినా 17 నుంచి 21 ఉండాలంటున్నారు, నా ఇంజిన్ పోయినట్టేనా?" ఆ అంకె సముద్రమట్టం దగ్గర ఉన్నవాళ్ళకి. వాక్యూమ్ అంటే బయటి గాలి ఒత్తిడికీ మానిఫోల్డ్ లోపలి ఒత్తిడికీ ఉన్న తేడా మాత్రమే. బయటి ఒత్తిడే తక్కువైతే తేడా కూడా తగ్గుతుంది, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు ఒక అంగుళం చొప్పున. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు, ఆ ఊరికి మైల్ హై సిటీ అని పేరు వచ్చిందే అందుకు. అంటే బెజవాడలో 20 చూపించే ఇంజిన్ అక్కడ 15 చూపిస్తుంది. ముల్లు వణకడం లేదు, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదిలితే కిందికి పడి వెంటనే లేస్తోంది. ఇంజిన్ బాగుంది. గేజీ మీద పచ్చరంగు గీత చూసి తీర్పు చెప్పేవాళ్ళు ముందు తాము ఏ ఊళ్ళో ఉన్నారో చూసుకోవాలి.

అయితే గేజీ ఒక్కటే నమ్మకూడదు. ఈ బండ్లలో ఐడిలింగ్ కంప్యూటర్ చేతిలో ఉంటుంది. చిన్న లీకు ఉంటే అది ఐడిల్ వాల్వుని కొంచెం మూసి, పెట్రోలు కొంచెం పెంచి సర్దేస్తుంది, గేజీ మీద ఏమీ తెలియదు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె) చూడమన్నాను. రెండు బ్యాంకుల్లోనూ (వి8లో రెండు వైపుల సిలిండర్ల వరసలు) ఐడిలింగ్‌లో ప్లస్ 12 దగ్గర ఉంది, 2,500 ఆర్‌పీఎంకి తెస్తే ప్లస్ 3కి దిగింది. ఐడిలింగ్‌లో ఎక్కువ, వేగం పెంచితే తక్కువ, అదీ రెండు వైపులా అంటే ఎక్కడో కొలవని గాలి లోపలికి పోతోందని. కంట్రోల్ ప్యానెల్ వైపు చూడబోయే ముందే లీకు ఉన్నట్టు ఇంజినే చెప్పేసింది.

తర్వాత రెండో చివరకి పోయాం. మధ్యలో ఎక్కడ తెగిందో తెలియనప్పుడు ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి చూస్తే వెతకాల్సిన దూరం సగం అవుతుంది. డ్యాష్‌బోర్డు దించక్కర్లేదు. రేడియో చుట్టూ ఉన్న బెజెల్ లాగి, కంట్రోల్ ప్యానెల్ స్క్రూలు తీసి ముందుకి లాగితే వెనక రంగురంగుల సన్న గొట్టాలు ఒకే కనెక్టరులో కనిపిస్తాయి. నల్లది ఇంజిన్ నుంచి వచ్చే సోర్సు, మిగతావి ఒక్కో తలుపుకీ పోయేవి. నల్లగొట్టానికి గేజీ తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేస్తే సున్నా. మానిఫోల్డ్ దగ్గర 15, ఇక్కడ సున్నా. షాపువాళ్ళు మార్చమన్న ప్యానెల్‌కి అసలు వాక్యూమే అందడం లేదు, అది మంచిదో చెడ్డదో చెప్పే ప్రశ్నే రాదు.

ఇక బానెట్ కింద నల్లగొట్టం వెంట కెమెరా పట్టుకుని పొమ్మన్నాను. ప్యాసింజర్ వైపు బ్యాటరీ ట్రే పక్కన కెమెరా ఆపమన్నాను, ఎందుకంటే టెర్మినల్స్ చుట్టూ తెల్లగా, పచ్చగా బూడిద పేరుకుని కనిపించింది. ఈ ఫోర్డ్ పికప్పుల్లో గొట్టం బ్యాటరీ కిందనుంచి పోతుంది, బ్యాటరీ నుంచి కారిన ఆసిడ్ ఏళ్ళ తరబడి దాన్ని తింటుంది. బ్యాటరీ దించి ట్రే ఎత్తాడు. గట్టి ప్లాస్టిక్ గొట్టం అక్కడ నల్లగా కరిగి, వేలు తగలగానే బిస్కెట్‌లా... కాదు, ముట్టుకోకముందే తెగి ఉంది. ఒక ముక్క ట్రే కింద పడి ఉంది.

రిపేరు చిన్నదే, కానీ ఇక్కడ చాలామంది తొందరపడతారు. టేపు చుట్టడం, ఫెవిక్విక్ పెట్టడం పనికిరాదు, వేడికి వారంలో ఊడుతుంది. రెండు వైపులా గొట్టం పెళుసు లేకుండా, మంచి రంగులో ఉన్నచోటు దాకా కోసేసి, దాని మీద బిగువుగా ఎక్కే రబ్బరు వాక్యూమ్ గొట్టం ముక్కతో కలిపి, ఈసారి బ్యాటరీకి దూరంగా తిప్పి క్లిప్పులతో కట్టాలి. ట్రేని వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగించాను. బ్యాటరీ ఎందుకు ఆసిడ్ కక్కుతోందో చూడకుండా వదిలితే ఇంకోటి తింటుంది కాబట్టి ఇంజిన్ నడుస్తుండగా మీటరు పెట్టి చార్జింగ్ చూశాం, 14.2 వోల్టులు, ఆల్టర్నేటర్ తప్పు లేదు. బ్యాటరీయే ముసలిది.

స్టార్ట్ చేస్తే అన్ని మోడ్‌లూ పనిచేశాయి. గాలి కాళ్ళకి వచ్చింది, ముఖానికి వచ్చింది. వాడు కేకలు పెట్టాడు, వెనక నుంచి మా కోడలు "అయిపోయిందా" అంటోంది. ట్రిమ్ ప్లస్ 12 నుంచి 6కి దిగింది. సగమే దిగిందన్నది నేను కాగితం మీద రాసుకున్నాను.

"ఇప్పుడు ఇంజిన్ ఆపు, తాళం ఆన్‌లోనే ఉంచు, బ్లోయర్ తిరగనీ, గాలి ముఖం మీద పెట్టి చెయ్యి అడ్డం పెట్టుకుని కూచో" అన్నాను. ఇది డబ్బు ఖర్చు లేని టెస్టు, పాత బండి కొనేవాళ్ళు కూడా చేసుకోవచ్చు. ఇంజిన్ ఆగినా రిజర్వాయరులో ఉన్న వాక్యూమ్ తలుపుల్ని చాలాసేపు పట్టుకోవాలి, నాబ్ అటూ ఇటూ కొన్నిసార్లు తిప్పినా కదల్చగలగాలి. వాడి బండిలో ఇంజిన్ ఆగిన క్షణంలోనే లోపల టప్ మని శబ్దం, గాలి అద్దం మీదికి. కొండ మీద జరిగేది గరాజ్‌లో నిలబడి చూసేశాం.

అంత వేగంగా పోయిందంటే సన్న లీకు కాదు, వెనక్కి తలుపు తెరిచే ఉంది. చెక్ వాల్వు పీకించి రెండు వైపులా ఊదమన్నాను. రిజర్వాయరు వైపు నుంచి ఊదితే గాలి ఇంజిన్ వైపు పోవాలి, ఇంజిన్ వైపు నుంచి ఊదితే ఆగాలి. రెండు వైపులా పోతోంది. లోపలి రబ్బరు ముక్క గట్టిపడిపోయింది. కొత్తది కొన్ని డాలర్ల సరుకు. తెచ్చి బిగించి కాల్ చేశాడు: "బాబాయ్, ఇప్పుడు మొత్తానికే పోయింది, కొత్త వాల్వు కూడా డిఫెక్టే." తిరగేసి పెట్టాడు. తిరగేస్తే ఇంజిన్ ఎంత పీల్చినా ఒక్క చుక్క వాక్యూమ్ అవతలికి పోదు. వాల్వు మీద బాణం గుర్తు, రంగు ఏ కంపెనీ ఎలా వేస్తుందో నమ్మకుండా ఊది చూసి పెట్టుకోవడమే మంచిది. సరిగ్గా పెట్టాక ఇంజిన్ ఆపితే గాలి ముఖం మీదే నిలబడింది.

ఇక్కడితో చాలామంది బండి ఇచ్చేస్తారు. నేను హ్యాండ్ పంపు టెస్టు కూడా చేయించాను. ఈ మొత్తం కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఇంజిన్ ఆపి, ప్యానెల్ వెనక నల్లగొట్టం ఊడదీసి, ప్యానెల్ వైపు పంపు తగిలించి 15 దాకా లాగి, ముల్లు చూస్తూ నాబ్ ఒక్కో చోట ఆపాలి. నాబ్ మార్చినప్పుడు కొత్త డబ్బాలోకి వాక్యూమ్ పోతుంది కాబట్టి ముల్లు కొంచెం పడుతుంది, అది సహజం, మళ్ళీ 15కి లాగి ఆగాలి. అన్ని చోట్లా జారితే లీకు నాబ్ వెనక సెలెక్టర్‌లో (వాక్యూమ్‌ని ఏ గొట్టానికి పంపాలో మార్చే భాగంలో) ఉంది. ఒక్క చోటే జారితే ఆ మోడ్‌లో పనిచేసే డబ్బాలోనో దాని గొట్టంలోనో ఉంది.

వెంట్, ఫ్లోర్, మిక్స్, డిఫ్రాస్ట్, మామూలు ఏసీ, అన్నిట్లో ముల్లు నిలబడింది. మాక్స్ ఏసీలో మెల్లగా జారింది. ఆఫ్‌లో పెట్టినా జారింది. ఆఫ్‌లో ఎందుకు జారాలి, ఏమీ నడవడం లేదుగా అన్నాడు వాడు. ఫోర్డ్ వాక్యూమ్ చార్టు చూస్తే తెలుస్తుంది: బయటి గాలిని మూసే రీసర్క్యులేషన్ తలుపుకి వాక్యూమ్ వెళ్ళేది ఆ రెండు చోట్లే. సిస్టం ఆఫ్‌లో ఉన్నప్పుడు బయటి దుమ్మూ చలీ లోపలికి రాకుండా ఆ తలుపు మూసి పెడతారు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ ఒక్క డబ్బా. గ్లోవ్ బాక్స్ దించి, ఆ డబ్బాకి నేరుగా పంపు తగిలించి లాగితే ముల్లు మళ్ళీ జారింది, అంటే గొట్టం మంచిదే, డయాఫ్రానికి సూది బెజ్జం పడింది. మన దగ్గర పాత బెంజి డబ్ల్యూ124లు, 1995 నుంచి పుణేలో బిగించినవి, ఇంకా కొన్ని తిరుగుతున్నాయి, వాటి ఏసీ తలుపుల డబ్బాలూ అచ్చం ఇలాగే పోతాయి. వాటికి చేసిన పనే ఇక్కడ నాకు దారి చూపించింది. తేడా ఏమిటంటే బెంజిలో ఆ డబ్బా మార్చాలంటే నిజంగానే డ్యాష్‌బోర్డు దించాలి.

చలికాలంలో మాక్స్ ఏసీ ఎవరికి కావాలి అని వాడు దాన్ని వాయిదా వేయబోయాడు. నేను ఒప్పుకోలేదు. ఆఫ్‌లో పెట్టి నడిపినంతసేపూ ఆ బెజ్జం నుంచి లీకు నడుస్తూనే ఉంటుంది, రిజర్వాయరుని ఖాళీ చేస్తూనే ఉంటుంది. డబ్బా తెప్పించి మార్చాడు, గ్లోవ్ బాక్స్ సందులోంచి చెయ్యి దూర్చి స్క్రూలు తిప్పడం మాత్రం నరకం అన్నాడు.

ట్రిమ్‌లో మిగిలిన ఆ ప్లస్ 6 సంగతి. ఏసీతో దానికి సంబంధం లేదు, కానీ వాక్యూమ్ అంతా ఒకే మానిఫోల్డ్‌దే. ఈ ట్రైటన్ ఇంజిన్లలో థ్రాటిల్ బాడీ వెనక పీసీవీ గొట్టానికి (ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్ళీ ఇంటేక్‌లోకి పంపేది) ఒక రబ్బరు ఎల్బో, అంటే వంపు ముక్క, ఉంటుంది, ఆయిల్ ఆవిరికి మెత్తబడి కింది వైపు చీలుతుంది, పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. వేలితో కింద తడమమన్నాను. వేలు లోపలికి దిగిపోయింది. దాన్ని ఇంకొంత కాలం వదిలేస్తే పీ0171, పీ0174 కోడ్‌లు (రెండు బ్యాంకుల్లో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని) వేసి చెక్ ఇంజిన్ లైటు వెలిగేది, అప్పుడు ఎవరో ఒకరు ఆక్సిజన్ సెన్సర్లు మార్చేవాళ్ళు. ఎల్బో మార్చాక ట్రిమ్ ఒకటికీ రెండుకీ మధ్య నిలబడింది. పనిలో పనిగా బ్రేక్ బూస్టర్ కూడా చూడమన్నాను: ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా తొక్కి, కాలు పెడల్ మీదే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగింది. వాక్యూమ్ లీకు అంటూ బండి వస్తే ఏసీ ఎలా ఉన్నా సరే ఈ టెస్టు చేయకుండా నేను పంపను.

చివరగా రోడ్డు మీద టెస్టు. ఇక్కడైతే దుర్గమ్మ గుడి ఘాట్ రోడ్డు ఒకసారి ఎక్కించి దించేవాడిని. వాడికి ఐ-70 హైవే ఉంది, డెన్వర్ నుంచి పడమటికి ఎక్కుతూ ఎక్కుతూ ఐసెన్‌హోవర్ టన్నెల్ దగ్గర 11,158 అడుగులకి చేరుతుంది. ఆ ఎత్తున మంచి ఇంజిన్ కూడా ఐడిలింగ్‌లో తొమ్మిది పది అంగుళాలే చూపిస్తుంది. గాలి కాళ్ళకి పెట్టుకుని ఎక్కమన్నాను. దారంతా కాళ్ళకే వచ్చింది. టన్నెల్ ముందు ఆఖరి ఎక్కుడులో, లారీల వెనక యాక్సిలరేటర్ నేలకి తొక్కిపట్టి చాలాసేపు వెళ్ళినప్పుడు మాత్రం కొంచెం గాలి అద్దం వైపు మళ్ళిందట, కాలు తియ్యగానే సర్దుకుంది. అంత ఎత్తులో, అంతసేపు థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటే రిజర్వాయరుని నింపడానికి ఇంజిన్ దగ్గరే ఏమీ ఉండదు. దానికి ఇంకే పార్టూ మార్చొద్దని చెప్పాను.